బాబాయి వేసిన తాళం

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీస్సులు. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం కులాసా. అక్కడ నువ్వు, అల్లుడుగారు బాగున్నారని తలుస్తాను.

"బాబాయితో రాజీ పడ్డావా? లేకపోతే ఆ తాళం నువ్వే తీసేయొచ్చుగా?" అని అడిగావు. రాజీ పడలేదు. రెండో ప్రశ్నకి జవాబు చివర్లో చెబుతాను.

మీ నాన్న తాళాల కొట్టు నా పేర రాసి, వీలునామా అమలు చేసే బాధ్యత తమ్ముడికి అప్పగించారు కదా. ఆయన పోయి నెల తిరక్కుండానే మీ బాబాయి కొట్టుకి తాళం వేశాడు. "అన్నయ్య అప్పులు తీర్చాలి వదినా, అందాకా పెత్తనం నాదే" అన్నాడు. అరువు టీ కూడా తాగని మనిషికి అప్పులేమిటి? తీరా చూస్తే కొట్టుని సగం ధరకి తన బావమరిదికే అమ్మబోతున్నాడు. కంచే చేను మేసింది.

లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. "ఆ పెత్తనం మీ ఆస్తి మీకు చేర్చడానికే, తనవాళ్లకి కట్టబెట్టడానికి కాదు" అంది. ముందు లెక్కలు చూపమని నోటీసు పంపింది. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు అమ్మకం ఆపమనీ, లెక్కలు చూపించమనీ, అతన్ని తప్పించమనీ కోర్టునడిగాం. "ఈలోపే అమ్మేస్తే?" అన్నాను. "ఆ అమ్మకం రద్దు చేయమనొచ్చు, నష్టం అతని జేబులోంచి కట్టించమనొచ్చు. మీరు మాత్రం ఆ తాళం ముట్టుకోకండమ్మా, దొంగని చేస్తారు" అంది.

కోర్టులో లాయరమ్మ అన్నట్టే అయింది. "ఆవిడ ఎప్పుడో తెరిచి సామానంతా మోసుకుపోయి ఉంటుంది" అన్నాడు అవతలి లాయరు. జడ్జిగారు నావైపు చూశారు. "తెరవగలనండి. తెరవలేదు" అన్నాను. అక్కడ చెప్పనిది ఒకటుంది. అది నీకొక్కదానికే చెబుతున్నాను.

బావమరిది మనుషులు కొట్టు కొలతలు తీసుకెళ్లారని విన్న రోజు ఒళ్లు మండిపోయి, పట్టపగలే పనిముట్ల సంచీతో వెళ్లాను. మన కొట్లో కొన్న తాళమే వేశాడు మహానుభావుడు! సన్న ఊచ లోపల పెట్టాను కూడా. అంతలో, నాకు తాళాలు తీయడం నేర్పుతూ మీ నాన్న రోజూ చెప్పిన మాట గుర్తొచ్చింది. "యజమాని ఎవరో అడగందే ఊచ పెట్టకు." అప్పటికింకా పెత్తనం మీ బాబాయిదే. ఊచ తీసేసి, ఇంటికొచ్చి కరువుదీరా ఏడ్చాను.

కోర్టు అతన్ని తప్పించి, మిగతా పనులు నాకే అప్పగించింది. తాళంచెవి ఇమ్మంటే, "పోయింది" అన్నాడు.

"తాళాలు తీసేవాళ్లని పిలవాలి" అన్నాడు కోర్టు మనిషి.

"వచ్చే ఉన్నాను బాబూ" అన్నాను.

వీధంతా చూస్తోంది. ఊచ చేతిలోకి తీసుకోగానే, అలవాటుకొద్దీ అడిగేశాను.

"యజమాని ఎవరండీ?"

అతను కాగితం చూసి, నన్ను చూసి నవ్వాడు. "మీరేనమ్మా."

అప్పుడు తెరిచాను. సామాను ఎక్కడిదక్కడే ఉంది. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను తల్లీ.

ఇట్లు,
తాళాల కొట్టు యజమానురాలు,
మీ అమ్మ.