జనం లేని పెరుగుదల

షికాగో,
మార్చి 9, 2017.

లెషెక్ అన్నయ్యకు,

నీ చెల్లెలు డనూటా నమస్కరించి రాయునది. వదినా పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ అంతా కులాసా అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మా ఆయన విటోల్డ్‌కి గొంతు ఆపరేషన్ అయిన సంగతి నీ చెవిన పడే ఉంటుంది. మాట పూర్తిగా పోయింది. ఎక్స్ఛేంజిలో, బేరగాళ్లంతా గుమిగూడి కేకలేసే ఆ పిట్‌లో, మీ బావాబావమరుదులిద్దరూ భుజాలు రాసుకుని అరిచిన అరుపులకు ఫలితం ఇదీ. అప్పట్లో ఆయన కళ్లు మూసుకుని, అరుపుల జోరును బట్టే షేర్ల సూచీ వెనక జనం ఉన్నారో లేదో చెప్పేవారు.

కంప్యూటర్లొచ్చాకే మీకు చెడింది. మా వంటింటి బల్ల దగ్గర మీ పోట్లాట నాకింకా వినిపిస్తూనే ఉంది. తెరమీద లావాదేవీల గీతలు ఒక్కసారిగా లేచాయి, కొత్త జనం దిగారు, కొనేద్దాం బావా అని నువ్వు. మార్చి ఒప్పందాలు ముగుస్తున్నాయి, ఉన్నవాళ్లే జూన్ ఒప్పందాల్లోకి మారుతున్నారు, అద్దెకున్నవాళ్లు ఇల్లు మారితే ఊళ్లో జనాభా పెరిగిందంటావేంటి బావా, ఇన్నేళ్లూ పిట్‌లో గడ్డి పీకావా అని ఆయన. నువ్వు కొన్నావు. వారం తిరక్కుండా ఇద్దరి కష్టార్జితమూ కరిగిపోయింది. డబ్బు పోతే పోయింది, నువ్వు మా గుమ్మం తొక్కడం మానేశావు. మీ మిల్వాకీ ఇక్కడికి ఏమంత దూరమని! నీ మొండితనం నాకు తెలీనిదా, మనిద్దరికీ అమ్మ పాలతో వచ్చిందేగా.

పోయిన నెల ఆయన కాస్త తేరుకున్నారు. గిన్నెడు బీట్‌రూట్ చారు తాగారు, కిటికీ దాకా నడిచారు. నేను పొంగిపోయి, ఈస్టర్‌కి అన్నయ్యని పిలుద్దామన్నాను. పలక అందుకుని, ధర పెరిగినంత మాత్రాన నమ్మకే పిచ్చిదానా, వెనక కొనేవాళ్లు లేరు, ఇది నిలవదు అని రాశారు. నాకు ఒళ్లు మండింది. నా మొగుడి ప్రాణం కూడా మీకు సూచీయేనా అని ఏడ్చాను. ఆయన నవ్వారు. ఇప్పుడు మంచం దిగడం లేదు.

రోజూ నిన్నే అడుగుతున్నారు. బావ వస్తున్నాడా, బావకి కోపం పోయిందా అని. ఆ బేరం సంగతి ఎత్తనని కూడా మాటిచ్చారు. ఈస్టర్ దాకా ఆగకు. ఈ ఉత్తరం చేతికందగానే బయల్దేరు.

నీ తోబుట్టువు,
డనూటా

తా.క. అన్నయ్యా, నిన్ను అడుగుతున్నారని రాసింది నేను అల్లిన మాట. నిజమేనేమో కూడా, నాకు తెలీదు. ఆయన పలక పట్టుకోలేక వారం దాటింది. ఇప్పుడు, మీరిద్దరూ అప్పట్లో పిట్‌లో చేసుకున్న చేతి సైగలు చేస్తున్నారు. వేళ్లు గడ్డానికి ఆనిస్తారు, నుదుటికి తీసుకెళతారు, నా కళ్లలోకి చూస్తారు. అరచెయ్యి తనవైపుంటే కొంటాననీ, అవతలికుంటే అమ్ముతాననీ, నాకు తెలిసింది అంతే. అర్థం కాలేదంటే మళ్లీ మొదట్నుంచి చేస్తారు. ఇంతకాలం కాపురం చేసి, నా మొగుడు చివరగా నాతో ఏమంటున్నాడో తెలియక ఊరికే తల ఊపుతున్నాను. నువ్వొచ్చి చెప్పు.