గేటు దగ్గరి బురద

ఫిన్‌బార్,

నేను సంతకు వెళ్తున్నాను, సాయంత్రం బస్సుకు వస్తాను. గొర్రెమాంసం పులుసు పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తిను. నువ్వు మాత్రం మేత పొలంలోకి దిగకు. తుంటి ఎముక ఇంకా పూర్తిగా అతుక్కోలేదు, ఆ బురదలో జారిపడితే లేపేవాళ్లెవరూ లేరు. బెస్‌కు ఎండుగడ్డి పెరటి గోడ మీంచి వెయ్యి, అక్కడ గుర్రం కాళ్ల కింద రాళ్లున్నాయి. దాని కాళ్లకంటిన బురద కడగబోకు, తడికి పుండ్లు పడతాయి. ఆరాక నేనే దులుపుతాను.

నిన్న ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే, "గేటు దగ్గర ఇంత బురదేంటే? నేను లేకపోతే గుర్రాన్ని చూసేది ఇలాగేనా?" అని అరిచావు. నీరసంగా ఉన్నావని ఊరుకున్నాను, ఇప్పుడు చెప్తున్నా విను. పొలమంతా పచ్చగానే ఉంది కదా, ఒక్క గేటు దగ్గరే ఎందుకలా అయిందో ఆలోచించావా? నువ్వు ఆసుపత్రిలో ఉన్న ఈ చలికాలమంతా, నువ్వొస్తావని వానలో అది అక్కడే నిలబడి తొక్కింది. నేనెంత పిలిచినా గోడ దగ్గరికి రాలేదు, మొండి ముండ. ఇవాళ నువ్వు గోడ దగ్గర నిలబడి పిలువు, పరిగెత్తుకొస్తుంది.

అట్రాక్టా

అన్నట్టు, రోడ్డు కనబడే వంటింటి కిటికీ దగ్గర చాప అంతలా ఎందుకరిగిందని మాత్రం అడక్కు.