అట్టపెట్టెల్లో అసలు కారు

తమ్ముడూ,

ఆ జపాన్ స్పోర్ట్స్ కారును మార్చకుండా, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచితే నీకేం తక్కువయ్యేదని పన్నెండేళ్లుగా అడగాలనుకుంటున్నాను. అమ్మిపెట్టమన్నావు కదా, నిన్న ఒక మెకానిక్ కొంటానని చూడటానికి వచ్చాడు. బానెట్ ఎత్తి, ఇంజిన్ జోరు పెంచడానికి నువ్వు బిగించిన టర్బో చూసి నవ్వాడు.

"అక్కా, ఇందులో కంపెనీది మిగిలింది హారన్ ఒక్కటేనండి!"

పాత భాగాలు ఉన్నాయా అని అడిగితే అటక మీది అట్టపెట్టెలు దించాను. నువ్వు విప్పేసిన ప్రతి భాగాన్నీ నూనెగుడ్డలో చుట్టి, ఎక్కడిదో చీటీ రాసి మరీ దాచావు! అతను వాటిని తిరిగి బిగించి, కారును కొత్తలో ఉన్నట్టు చేసుకుంటాడట.

"మీ తమ్ముడు చేసిందంతా తీసేస్తాను, పరవాలేదా?" అన్నాడు.

ఎప్పటికైనా మళ్లీ బిగించాలనే దాచావా, పారేయడానికి చేతులు రాకనా? నీ జవాబు వచ్చేదాకా ఆగమన్నాను. నువ్వు సరేనన్నా, నీ చేతిపనిని విప్పెయ్యమని అతనికి తాళం ఇవ్వగలనో లేదో నాకింకా తేలడం లేదు.

అక్క