ఆరు వేల వేగం, రెండు నిమిషాల ఓర్పు

మార్చి 2, సోమవారం. ఉదయం 6.10

నేటి నుంచి అమల్లోకి వచ్చే విధంగా ఈ కింది మేరకు తీర్మానించడమైనది.

విషయం: అమ్మాయి కొత్త గేమింగ్ కంప్యూటర్‌లోని ర్యామ్‌ను దాని పూర్తి వేగానికి తీసుకురావడం.

పూర్వాపరాలు: నేనూ అమ్మాయీ కలిసి నిన్ననే దీన్ని బిగించాం. ర్యామ్ పెట్టె మీద 6000 అని బంగారు రంగులో అచ్చు వేసి ఉంది. ఆన్ చేసి చూస్తే 4800తో నడుస్తోంది. అర్హత ఆరు వేలు, చేసే పని నాలుగు వేల ఎనిమిది వందలు. ఇరవై రెండేళ్ళుగా ఆఫీసులో శిక్షణ విభాగం చూస్తున్నవాణ్ణి. ఈ రకం వ్యత్యాసం నాకు కొత్త కాదు. ఆఫీసులో సహిస్తాను. ఇంట్లో సహించను.

గడువు: ఆదివారం మధ్యాహ్నం 3 గంటలు. ఆన్‌లైన్ పోటీలో అమ్మాయి జట్టుకు ఆ వేళకు ఫైనల్ మ్యాచ్. ఐదుగురి జట్టుకు తనే కెప్టెన్. ఎవరి కంప్యూటరైనా ఆగిపోతే పది నిమిషాల విరామం ఇస్తారు. పదకొండో నిమిషంలో జట్టు మొత్తం పోటీ నుంచి బయటికి. పాత కంప్యూటర్‌ను మా తోడల్లుడికి ఇచ్చేశాం. ఉన్నది ఇదొక్కటే.

"4800 చాలు నాన్నా, బాగానే ఆడుతోంది" అంది అమ్మాయి.

"పూచీ నాది" అన్నాను.

"పరుగు పందేనికి వస్తానన్నప్పుడూ అదే మాట అన్నావు."

వాస్తవమే. పరుగు పందెం, నాటకం, బహుమతుల పంపకం: ఈ మూడింటి వేళకూ నేను ట్రైనింగ్ క్లాసుల్లో చిక్కుకుపోయాను. అవి మూసేసిన ఫైళ్ళు. అమ్మాయి మాత్రం అప్పుడప్పుడూ తెరుస్తూ ఉంటుంది.

నియమాలు:

1. రోజుకు ఒకే ఒక్క మార్పు.
2. ప్రతి మార్పు తరువాత రెండు గంటల పరీక్ష.
3. శుక్రవారం సాయంత్రం 6 తరువాత ఎవరూ ఏదీ మార్చరాదు. 'ఎవరూ' అంటే నేను కూడా.
4. యంత్రాన్ని తిట్టరాదు.

వచ్చే సోమవారం ఆఫీసులో 'పనిలో ఓర్పు' అనే మూడు రోజుల శిక్షణ ఉంది. పాఠాలు రాస్తున్నది నేనే. ఈ వారం అనుభవం అందులో ఉదాహరణగా పనికొస్తుంది!

మార్చి 3, మంగళవారం. సాయంత్రం 5.40

చిన్న లోపం వెలుగులోకి వచ్చింది. మదర్‌బోర్డు మీద ర్యామ్‌కు నాలుగు గాళ్ళున్నాయి. మనకున్నవి రెండు స్టిక్కులు. మొన్న వాటిని నేను ఒకటో గాడిలో, రెండో గాడిలో కూర్చోబెట్టాను.

"అలా ఎందుకు పెట్టావు నాన్నా?"

"ముందు వచ్చినవాళ్ళు ముందు వరసలో. సీనియారిటీ."

"రెండూ నాలుగూలో పెట్టాలి. పుస్తకంలో బొమ్మే వేశాడు కదా!"

మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తుంది. అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతూ ఈ సంభాషణ విన్నది. "బొమ్మ చూడకుండా గుచ్చేస్తే మా దగ్గర ఆ రోజే ఇంటికి పంపిస్తారు" అంది.

స్టిక్కుల స్థానచలనం జరిగింది. ఇది మార్పు కాదు, సవరణ. సవరణలు ఒకటో నియమం పరిధిలోకి రావు.

6.25: సెట్టింగుల పేజీ తెరిచాను. దీన్ని బయోస్ అంటారు. 'ప్రొఫైల్' దగ్గర 6000 ఎంచుకుని సేవ్ చేశాను.

6.26: తెర నలుపు.

6.27: నలుపే. ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి.

6.28: ఇక లాభం లేదని ప్లగ్గు పీకేశాను.

మూడుసార్లు పెట్టి, మూడుసార్లు పీకాక, ఏమీ ఎరగనట్టు 4800తో లేచింది. పర్వాలేదు. తొలి రోజు హాజరు మాత్రమే చూడాలి, పనితీరు చూడకూడదు.

మార్చి 4, బుధవారం. సాయంత్రం 6.00

6000: నలుపు. పీకాను.
5800: నలుపు. పీకాను.
5600: నలుపు. పీకాను.

రోజుకు ఒక్క మార్పు అన్న నియమానికి వివరణ అవసరమైంది. వేగం అనేది ఒకే అంశం. ఒకే అంశాన్ని మూడుసార్లు ఎంచుకోవడాన్ని మూడు మార్పులుగా లెక్కించలేం.

వేగం పక్కన టైమింగ్స్ అని నాలుగు అంకెలు కూడా ఉన్నాయి: 30, 38, 38, 96. ఇవి ఎంత తక్కువైతే అంత గొప్పట, పరీక్షలో ర్యాంకుల్లాగా. 30ని 28 చేసి చూశాను. నలుపు. పీకాను.

నాలుగో నియమం రాత్రి భోజనానికి ముందు సడలించబడింది. యంత్రాన్ని ఏమన్నానో ఇక్కడ నమోదు చేయడం లేదు. మా ఆవిడ వంటింట్లోంచి "పక్కింటివాళ్ళు విన్నారు" అని మాత్రం అంది.

మార్చి 5, గురువారం. ఉదయం 9.15

ఆఫీసుకు సెలవు పెట్టాను. కారణం గడిలో 'స్వల్ప అస్వస్థత' అని రాశాను. ఎవరి అస్వస్థతో రాయమని ఆ ఫారంలో అడగలేదు.

11.30: మధ్యాహ్నం కూడా కాకముందే పీకుడు సంఖ్య తొమ్మిది. ప్లగ్గు కాస్త వదులైంది.

సాయంత్రం 4.50: అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. నాలుగున్నరకు మొదలైన జట్టు సాధనలో చేరాలి. కంప్యూటర్ 4800తో లేవడానికి కూడా మొరాయించింది. ఐదింపావుకు లేచింది. ఈలోగా ఫోన్‌లో జట్టువాళ్ళ గొంతులు: "కెప్టెన్, మళ్ళీ మీ నాన్నేనా?"

'మళ్ళీ' అన్న మాట నా చెవిన పడింది.

సాధన అయ్యాక అమ్మాయి తెల్ల కాగితం మీద 'ముట్టుకోవద్దు' అని రాసి కంప్యూటర్ డబ్బాకు అంటించింది. సంతకం లేదు. తేదీ లేదు. అలాంటి కాగితాన్ని నోటీసుగా పరిగణించలేం.

మార్చి 6, శుక్రవారం. మధ్యాహ్నం 1.10

ర్యామ్‌లోనే లోపం ఉందని తేల్చి, కొన్న షాపుకు ఫోన్ చేశాను. రిపేర్లు చూసే ఆవిడ తీసింది. సంభాషణను యథాతథంగా నమోదు చేస్తున్నాను.

"తెర నల్లబడ్డాక ఎంతసేపు చూశారు సార్?"

"చాలాసేపు. రెండు నిమిషాలు."

"అయ్యో, రెండేనా! కొత్త స్పీడు పెట్టగానే ర్యామ్‌కు ట్రైనింగ్ అవుతుంది సార్. ఆ స్పీడుకు అది అలవాటు పడాలి, మొదటిసారి పది నిమిషాలైనా పట్టొచ్చు. ట్రైనింగ్ మధ్యలో ప్లగ్గు పీకేస్తారా ఎవరైనా?"

పీకుళ్ళ లెక్క రాసిన పేజీ తిప్పేశాను.

"మీరేం చేస్తుంటారు సార్?"

"శిక్షణ విభాగం."

"మీ ట్రైనింగ్‌లు ఎంతసేపు ఉంటాయి సార్?" అంది.

"మూడు రోజులు."

"మధ్యలో కరెంటు తీసేస్తే?"

"చాలామంది సంతోషిస్తారమ్మా" అన్నాను. అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

సాయంత్రం 5.30: 6000 పెట్టాను. తెర నల్లబడింది. చేతులు వెనక్కి కట్టుకున్నాను. మూడో నిమిషంలో కుడిచెయ్యి విడిపోయింది. మా ఆవిడ వచ్చి, నన్ను ప్లగ్గుకు అందనంత దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

5.38: వెలుగు! 6000!!

అమ్మాయి ఎగిరి గంతేసింది. రెండు గంటల పరీక్ష కూడా పాసైంది. మూడో నియమం ప్రకారం ఆరింటికి తలుపులు మూసుకున్నట్టే. అమ్మాయి మాత్రం ఎందుకైనా మంచిదని రెండో నోటీసు అంటించింది: 'ఈ డబ్బాను ముట్టుకోవద్దు. ఆదివారం సాయంత్రం 7 వరకు.' ఈసారి సంతకం ఉంది. తేదీ ఉంది. ముసాయిదా ఎంత చక్కగా ఉందో! రక్తం ఊరికే పోదు.

మార్చి 7, శనివారం. ఉదయం 10.20

ఇంటర్నెట్‌లో ఒకాయన ఇదే ర్యామ్‌తో 6400 తీశాడట.

10.35: 6400 గురించి ఆలోచించడం లేదు.

10.50: నోటీసును మరోసారి చదివాను. 'ఈ డబ్బాను' అని ఉంది. కీబోర్డు డబ్బాలో భాగం కాదు. వైరుతో అనుబంధంగా ఉన్న వేరే వస్తువు.

11.05: డబ్బాను ముట్టుకోలేదు. కీబోర్డుతోనే బయోస్‌లోకి వెళ్ళి 6400 పెట్టాను. ట్రైనింగ్ పదకొండు నిమిషాలు. కుర్చీలోంచి కదల్లేదు. ఓర్పు వచ్చేసింది!

11.16: లేచింది. 6400!!!

రెండు గంటల పరీక్షకు ఇరవై నిమిషాలు సరిపోతాయనిపించింది. అమ్మాయి స్నేహితురాలి ఇంటి నుంచి వచ్చేసరికి అంతా మామూలే. చెప్పలేదు. రేపు గెలిచాక చెబితే ఆ ఆనందమే వేరు.

మార్చి 8, ఆదివారం. సాయంత్రం 6.30

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

3.00: మ్యాచ్ మొదలైంది. నేను గదిలోనే, వెనక కుర్చీలో ఉన్నాను. మా ఆవిడ గుమ్మంలో.

3.24: తెర నీలం. తరువాత నలుపు.

ఫోన్‌లో కేకలు: "కెప్టెన్! ఏమైంది?"

"విరామం అడగండి, పది నిమిషాలు! వస్తున్నా." అమ్మాయి కుర్చీ తిప్పింది. "నాన్నా, ఏం మార్చావు?"

"డబ్బాను ముట్టుకోలేదమ్మా."

"ఏం మార్చావు?"

"ఆరు వేల నాలుగొందలు."

అది మళ్ళీ ట్రైనింగ్‌లోకి వెళ్ళింది. 6400కు పదకొండు నిమిషాలు పడుతుందని ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఉన్నవి తొమ్మిది. చెప్పాను.

అలవాటు కొద్దీ నా చెయ్యి ప్లగ్గు వైపు వెళ్ళింది. మా ఆవిడ రక్తం తీయడానికి పట్టుకున్నట్టు మణికట్టు పట్టుకుంది. "పిడికిలి బిగించండి. నేను చెప్పేదాకా వదలకండి."

అమ్మాయి డబ్బా పక్క పలక తీసింది. లోపల సెట్టింగులను గుర్తుంచుకునే చిన్న గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. దాన్ని తీసి పెడితే అన్నీ మరిచిపోయి 4800కు వస్తుంది.

"ఇప్పుడు పీకు నాన్నా."

"నిజంగానా?"

"పీకు!"

పీకాను. వారమంతా పీకినవాటిలో పై అధికారి అనుమతితో పీకింది ఇదొక్కటే.

అమ్మాయి బ్యాటరీ బయటికి తీసింది. "ముప్పై లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. ఇరవై నాలుగు దగ్గర లెక్క తప్పాను. మిగతా ఆరూ మా ఆవిడ లెక్కపెట్టింది.

3.27: బ్యాటరీ తిరిగి బిగించి ప్లగ్గు పెట్టాం. నలుపు. ఎవరూ కదల్లేదు.

3.31: వెలుగు. 4800.

3.33: "కెప్టెన్ వచ్చేసింది!"

4.10: గెలిచారు. 4800తో.

ముఖం కడుక్కుని వచ్చి నెమ్మదిగా అడిగాను: "తేడా ఏమైనా తెలిసిందా?"

"ఏమీ లేదు నాన్నా."

ఫోన్ పక్కన పెట్టి తనే అంది: "ఈసారి మొదటి నుంచీ చివరిదాకా ఉన్నావు."

దీన్ని ఏ గడిలో నమోదు చేయాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 9, సోమవారం. ఉదయం 6.05

అమ్మాయి నోటీసు గడువు నిన్న సాయంత్రం ఏడింటితో ముగిసింది. కనుక నేటి నుంచి అమల్లోకి వచ్చే విధంగా తీర్మానించడమైనది: 6400 దురాశ. 6000 మన హక్కు. రోజుకు ఒకే ఒక్క మార్పు. నియమాలన్నీ యథాతథం.

6.10: డబ్బా మీద కొత్త నోటీసు ఉంది. 'డబ్బా, కీబోర్డు, మౌసు, ప్లగ్గు, బ్యాటరీ: దేన్నీ ముట్టుకోవద్దు.' అమ్మాయి సంతకం. తేదీ. సాక్షి సంతకం, మా ఆవిడది. ఎక్కడా సందు లేదు.

6.14: ఉంది. 'గడువు' అని రాసి ఎదురుగా ఖాళీ వదిలేశారు. ఆఫీసు భాషలో ఖాళీ గడికి ఒకటే అర్థం: సంబంధిత అధికారి విచక్షణ.

6.20: 6000 పెట్టాను. తెర నల్లబడింది. ఇది ట్రైనింగ్ అని నాకు తెలుసు. ఎనిమిది నిమిషాలు పడుతుందని కూడా తెలుసు. చేతులు వెనక్కి కట్టుకున్నాను. పదింటికి 'పనిలో ఓర్పు' మొదటి తరగతి. మొదటి పాఠం మనసులో నెమరు వేసుకుంటున్నాను.

6.22: ఇంకా నలుపే. ఇద్దరూ నిద్ర లేవలేదు. ప్లగ్గు వదులుగానే ఉంది.