మరిగే దాణాలో వేసిన పొడి

తమ్ముడూ, ప్రాణమున్నదాన్ని మరిగే దాణాలో పోసి, అది పనిచేయాలని మోకాళ్ల మీద ప్రార్థించేవాణ్ణి నువ్వేమంటావు? జవాబు నీ దగ్గరే ఉంచుకో. ముందు నా మాట విను.

ప్రభువు నిన్ను కాయుగాక. ఇక్కడ మీ వదిన, పిల్లలు బాగానే ఉన్నారు. నేనూ తింటున్నాను, తిరుగుతున్నాను. అంతకు మించి క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది.

మన పెద్ద పంది దొరసాని సంగతి అడిగావు. నువ్వు వెళ్లేనాటికి పదకొండు పిల్లల్లో ఐదు మిగిలాయి కదా. ఆ ఐదూ అదే పారుడు రోగంతో, విరేచనాలై పోయాయి. ఆఖరిది మీ వదిన ఒళ్లో, గోనెపట్టాలో చల్లబడింది. దొరసానికి పొదుగు గట్టిపడింది, అది ఖాళీ పక్క వైపే తిరిగి పడుకుంటోంది.

వదిన మోకాలి నొప్పి అలాగే ఉంది. నాలుకకు మాత్రం ఏ నొప్పీ లేదు. "మీ అన్నయ్య ప్రసంగం మొదలుపెడితే కాగు కింద కట్టెలు దండగ, ఆ వేడికే దాణా ఉడుకుతుంది" అంటోంది.

పోయిన నెల పశువుల డాక్టరు వచ్చి, దొరసాని సూడితో ఉన్నప్పుడు దాణాలో వేయమని తాను ఇచ్చిన పొడి డబ్బా తిప్పి చూశాడు. "ఎలా కలిపారండీ?"

"దాణా బాగా మరిగేటప్పుడు వేశాను. శుభ్రంగా ఉంటుందని."

"అవి బతికున్న సూక్ష్మజీవులండీ. తల్లి పేగులో నిలిచి, ఈనాక పిల్లల కడుపులోకీ చేరాల్సినవి. మీరు ఉడకబెట్టారు. అన్ని పిల్లలూ బతికేవని చెప్పలేను, కొన్నైనా నిలిచేవేమో. చల్లారాక కలపమని మీ తమ్ముడికి చెప్పానే."

నువ్వు నాకు చెప్పావు. కాగు పక్కన నిలబడి, "చల్లారనీ అన్నయ్యా" అన్నావు. "ముద్దనంతా పొంగించే పులిపిండి వాక్యం మీద ఇరవై ఏళ్లుగా ప్రసంగిస్తున్నవాడికి నువ్వా నేర్పేది?" అన్నాను. తీరా పిల్లలు చస్తుంటే ఆ మాట మింగేసి, పొడి వేయకుండా ఎగ్గొట్టింది నువ్వేనని ఆదివారం ప్రార్థన కూటంలో అందరి ముందూ నిన్ను నిలబెట్టాను. నువ్వు తల వంచుకుని సంచి సర్దుకున్నావు.

డాక్టరు చెప్పాక కూడా, "బయట అనకండి" అని ఆయన చేతులు పట్టుకున్నాను. ఆ వారమే అబద్ధ సాక్ష్యం గురించి గంటసేపు ఉరిమాను. వాక్యం చేతిలోనే ఉంది, వేలు మాత్రం ఎదుటివాళ్ల వైపు.

నిన్న కూటంలో లేచి నిజం చెప్పాను. ఒక పెద్దాయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు నేల చూశారు.

కూటంలో చెప్పనిది ఒకటి మిగిలింది. ఇల్లు వదిలి పనికి కుదిరిన ఆ పందుల ఫారంలో, చేరిన వారానికే నిన్ను దాణా గదిలోంచి తీసి పెంట ఎత్తడానికి ఎందుకు వేశారో తెలియదని రాశావు. నాకు తెలుసు. దాణా దగ్గర నిన్ను నమ్మవద్దని మీ యజమానికి ఉత్తరం రాసింది నేనే.

అక్కడా పొడి మరిగే కాగులోనే పోస్తున్నారని, పెంట ఎత్తేవాడి మాట ఎవరు వింటారని రాశావు. నలభై సూడిపందులన్నావు. తమ్ముడూ, ఈ ఉత్తరం మడత పెట్టకు. ఇవాళే, సాయంత్రం దాణా పొయ్యి మీదికెక్కకముందే, యజమాని చేతికిచ్చి బిగ్గరగా చదివించు. ఆ పొడి డబ్బా నీ చేతిలోకి తీసుకో.

ఇట్లు,
నీ మాట వినని అన్న