సంత గోడ మీది వ్యాను

బావా,

డుంబ్రిగుడ సంత గోడకు సున్నం వేయించి, వ్యాను బొమ్మ మళ్ళీ నన్నే వేయమన్నాడు వ్యాన్లమ్మే డీలరు.

అప్పట్లో కంపెనీ ఇచ్చిన బొమ్మలో బండి ఖాళీగానే ఉండేది. సంతకొచ్చేవాళ్ళ కంట పడాలని బస్తాలేసి, వాటి మీద పదిమందిని కూర్చోబెట్టింది నేనే.

"ఇంతమందిని మోత్తాదేటి?" అని నువ్వడిగావు.

బండి నడపడమే రాని నేను, "మోత్తాది బావా, కొనేయ్," అన్నాను.

"పైదేశం బళ్లకి సుంకం ఎక్కువ, మనకిదే దిక్కు," అన్నాడు డీలరు. నువ్వు కొన్నావు.

ఘాట్ మలుపులో బరువుకి బ్రేకు పట్టని రోజున, నీ బస్తాల మీదా పదిమంది ఉన్నారు. వాళ్ళు దూకేశారు. నువ్వు దూకలేదు.

ఈసారి బండి ఖాళీగా వేశాను. డీలరు చూసి, "జనాల్లేకపోతే ఎవులు కొంటారు? పెట్టు," అన్నాడు.

పెట్టాను బావా. స్టీరింగు దగ్గర మాత్రం ఎవరినీ వేయలేకపోయాను.