రెండు చొక్కాల రాజు

బావా,

బాగున్నావా? నువ్వు వెళ్లిపోయి ఆరు నెలలు దాటింది. బొబ్బిలిలో చలి మొదలైంది. ఇన్నాళ్లూ నీకు ఉత్తరం రాయకపోవడానికి కారణం కోపం. ఇప్పుడు రాయడానికీ అదే కారణం.

మొన్న నీ మాసికానికి నీ స్టూడెంటు గౌరి వచ్చింది. నీలాగే జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతోందట. భోజనాలయ్యాక నీ మొదటి చార్లెస్ పాఠం ఎత్తింది. ఆ ఇంగ్లండు రాజు సంగతి నాకు తెలియందా? పెళ్లయిన కొత్తలోనే చెప్పావు. దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనన్నాడు. పదకొండేళ్లు పార్లమెంటును పిలవకుండా ఏలాడు. చివరికి దాంతోనే యుద్ధం తెచ్చుకుని ఓడిపోయాడు. తల నరికే రోజు పొద్దున్నే రెండు చొక్కాలు తొడుక్కున్నాడు... చలికి వణికితే జనం భయమనుకుంటారని. "మగోడంటే ఆడేనే!" అనేవాడివి మీసం దువ్వుకుంటూ.

నువ్వూ తొడుక్కున్నావుగా రెండు చొక్కాలు. ఏప్రిల్ ఎండల్లో! ఇదేం వేషం బావా అంటే, "నీకేటి తెలుస్తాది? నాకు సలేస్తన్నాది, ఊరుకోవే" అన్నావు. రోజూ రెండూ ఉతికి ఆరేశాను. ఒళ్లు చిక్కిపోవడం కనబడకూడదని తొడుక్కున్నావని నాకేం తెలుసు?

ఇంటర్ పేపర్లు దిద్దే డ్యూటీ పడిందని విజయనగరం బయల్దేరావు. పులిహోర కట్టిచ్చాను. నువ్వు దిగింది విశాఖలో, కేన్సర్ ఆసుపత్రికి. పక్కన ఎవరు? నా తమ్ముడు! నా తోడబుట్టినవాడు! వాడికి తెలుసు, డాక్టరుకి తెలుసు... నాకు ఆఖరి వారంలో తెలిసింది. "మీ అప్ప ఏడుపు నాను సూడలేన్రా" అన్నావట వాడితో. మరి ఇప్పుడెవరు చూస్తున్నారు?

నౌపడలో మా చెల్లి కూతురి పెళ్లికి రానన్నావని నీతో వారం మాట్లాడలేదు. మనకి మిగిలిందే కొన్ని వారాలు. అందులో ఒకటి నా అలకకి పోయింది. తెలిస్తే పోనిచ్చేదాన్నా? ఆ వారం నాకు ఎవరిస్తారు బావా?

గౌరి ఇంకో సంగతి చెప్పింది. చావుకి ముందురోజు ఆ రాజు తన ఇద్దరు పిల్లల్ని పిలిపించుకున్నాడట. చిన్నవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, మీ నాన్న తల తీసేస్తార్రా అని తన నోటితోనే చెప్పాడట. అక్కడికొచ్చేసరికి క్లాసులో పుస్తకం మూసి బోర్డు వైపు తిరిగిపోయేవాడివట.

ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు? ముప్ఫై ఏళ్లూ చొక్కాల దగ్గరే ఆపేశావేం?

రాణికి చెప్పలేదా అని గౌరిని అడిగాను. ఆవిడ సముద్రం అవతల, ఫ్రాన్సులో ఉండిపోయిందట. చెప్పే వీలు లేకపోయిందట.

నేనెక్కడున్నాను బావా? వంటింట్లో ఉన్నాను. పిలిస్తే పలికేదాన్ని.

రాజు దాచింది జనం దగ్గర. నేను జనమా?

నీ బట్టలన్నీ ఇచ్చేశాను. ఆ రెండు చొక్కాలు మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. ప్రేమ అనుకునేవు, కాదు. చూసినప్పుడల్లా తిట్టుకోవడానికి ఉంచాను... సరే, కాస్త ప్రేమ కూడా.

నాలుగు రోజులుగా నాకూ గుండెల్లో దడగా ఉంటోంది. నీలా చేయను. ఈ ఉత్తరం ముగించగానే అమ్మాయికి ఫోన్ చేసి చెబుతాను. అది ఏడిస్తే ఏడవనీ, నేనూ ఏడుస్తాను. వణుకొస్తే దాని ముందే వణుకుతాను.

కోపం తీరని
నీ లక్ష్మి